పాలకు వేడి, వేడికి కొలత
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఈ వేదిక మీద సాధారణముగా భాషను గురించియు, పాఠశాలలను గురించియు, మన హక్కులను గురించియు ప్రసంగములు జరుగుచుండును. నేడు పాలను గురించి, అందును పాలను మిక్కిలి వేడిగా, మిక్కిలి వేగముగా కాచునట్టి ఒక ప్రయోగశాలా యంత్రమును గురించి మాటలాడుటకు అవకాశమిచ్చిన కార్యవర్గమునకు నా కృతజ్ఞతలు.

ఇది మనకు దూరపు విషయము కాదు. కోలారు, చిక్కబళ్ళాపురము, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నిలిచియున్న మన కుటుంబములలో అనేకులకు పాడియే ఆధారము. ఉదయ సాయంకాలములు పాల కేంద్రమునకు క్యాను మోయువారు మనలో నేటికిని కలరు. పట్టణములలో నున్న మనవారు ఆ పాలనే సంచులలోను, అట్టపెట్టెలలోను కొనుచున్నారు. అమ్మువారును మనవారే, కొనువారును మనవారే. నడుమ ఆ పాలకు జరుగునదేమో ఇరువురికిని సరిగా తెలియదు. తెలియనిచోట గ్రుడ్డి నమ్మకమైనను పుట్టును, గ్రుడ్డి అనుమానమైనను పుట్టును. పెట్టె పాలు నెలల తరబడి చెడకున్న వనిన, అందులో ఏదో మందు కలిపియుందురని చాలమంది తలచుచున్నారు. నెలల తరబడి పాలను నిలుపుటకు మందు అక్కరలేదు. వేడి, కాలము, శుభ్రత అను మూడును చాలును. ఈ మూడింటికిని కొలత ఎట్లు కుదుర్చుదురో చెప్పుటయే నా ప్రయత్నము.

పాలను ఎందుకు కాచవలెను?

పాలు మనకు ఎంత పుష్టికరమైన ఆహారమో సూక్ష్మజీవులకును అంతే. ఆవునకు క్షయ యున్నచో ఆ క్రిములు పాలలోనికి దిగవచ్చును. మాల్టా ద్వీపములో ప్రబలిన జ్వరమునకు మేకపాలు కారణమని 1905లో ఆ ద్వీపవాసియే యైన వైద్యుడు థెమిస్టొక్లీస్ జమ్మిట్ కనుగొనెను. ఆ వ్యాధియే నేడు బ్రూసెల్లోసిస్ అను పేర మన పశువులలోను కనబడుచున్నది. ఇవికాక, పిదికినవారి చేతుల నుండియు, కడుగని పాత్రల నుండియు, కలిపిన నీటి నుండియు పాలలో చేరు రోగములు వేరు. మన తల్లులు పచ్చిపాలను పిల్లలకు పోయక, పొంగువరకు కాచి, చల్లార్చి ఇచ్చుట శాస్త్రము పుట్టకమునుపే నిలిచిన మంచి ఆచారము.

ఆ ఆచారమునకు కారణము చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లూయీ పాస్చర్. ద్రాక్షమద్యము చెడుటకు సూక్ష్మజీవులు కారణమనియు, మరుగు స్థానమునకు చాల దిగువనే కొంతసేపు వేడి చేసినచో అవి నశించుననియు ఆయన 1860 దశకములో నిరూపించెను. శిశువులకు పోయు పాలకు ఇట్టి పద్ధతి నుపయోగింపవలెనని 1886లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ సూచించెను. పాశ్చరీకరణమను పేరు ఆ మొదటివాని పేరు నుండియే వచ్చినది.

రెండు కొలతలు

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గ్రహింపవలెను. వేడి యనగా మనకు వెంటనే స్ఫురించునది ఉష్ణోగ్రత. అది ఒక కొలత మాత్రమే. ఎంతసేపు అనునది రెండవ కొలత. ఈ రెండును కలసినప్పుడే పాలకు ఏమి జరిగినదో చెప్పగలము.

పాశ్చరీకరణమునకు మొదట అనుసరించిన పద్ధతి పెద్ద తొట్టిలో పాలను 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 30 నిమిషములు ఉంచుట. తరువాత వచ్చినది పాలను పారించుచునే 72 డిగ్రీలకు వేడి చేసి, 15 సెకండ్లు మాత్రము ఆ వేడిలో నిలిపి, వెంటనే చల్లార్చుట. చూడుడు: ఉష్ణోగ్రత 9 డిగ్రీలు పెరిగినది, కాలము 120వ వంతునకు తగ్గినది. ఈ రెండవ పద్ధతి సాధ్యమగుటకు, పలుచని రేకుల నడుమ ఒక ప్రక్క పాలు, మరియొక ప్రక్క వేడినీరు పారునట్టి పరికరము కావలసి వచ్చెను. దానిని 1923లో ఇంగ్లండులో రిచర్డ్ సెలిగ్‌మన్ నిర్మించెను. నేడు మనము కొను పాలసంచులలో అధిక భాగము ఇట్టి రేకుల నడుమ నుండి వచ్చినవే.

అయినను పాశ్చరీకరణము చేసిన పాలు పూర్తిగా క్రిమిరహితములు కావు. రోగక్రిములు నశించును గాని, కొన్ని సూక్ష్మజీవులు సిద్ధబీజములను రూపమున మిగిలియుండును. ఎండకాలములో మాడినట్లు కనబడి తొలకరి పడగానే చిగురించు గరికవలె ఇవి మిక్కిలి వేడిని ఓర్చి, అనుకూల సమయము రాగానే మరల మొలకెత్తును. గడ్డి కషాయములో పెరుగు సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములను 1876లో ఫెర్డినాండ్ కోన్ వర్ణించెను. ఒకమారు మరగించినంత మాత్రమున ఇవి చావవని మరుసటి యేట జాన్ టిండల్ చూపెను. మనము పొద్దున కాచిన పాలు వేసవిలో రాత్రికి విరుగుటకు ఒక కారణము ఇదియే. కావుననే సంచి పాలను చల్లగా నుంచవలెను.

సిద్ధబీజములను గూడ చంపవలెనన్న 100 డిగ్రీలు చాలవు. వెనుకటి పద్ధతిలో పాలను సీసాలలో నింపి, మూతవేసి, 110 నుండి 120 డిగ్రీల వద్ద 10 మొదలు 30 నిమిషములు ఉడికించెడివారు. క్రిములు చచ్చెడివి గాని పాలు గోధుమవన్నెకు తిరిగి, ఉడుకు వాసన వేసెడివి. మన ఇండ్లలో పిడకల దాలిలో గంటల తరబడి కాగిన పాలకు వచ్చు ఎరుపును, కమ్మదనమును ఇట్టిదే. పాలలోని చక్కెరయు మాంసకృత్తులును వేడికి కలసి మార్పు చెందుటవలన ఆ రంగు వచ్చును. దాలి పాలలో మనము దానిని కోరుదుము. కాని ప్రతిదినము పసిబిడ్డకు పోయు పాలలో ఆ మార్పు కోరదగినది కాదు. దానితోబాటు కొన్ని విటమినులును, కొంత పోషక విలువయు తగ్గును.

వేగములోని రహస్యము

ఇక ఈ పద్ధతికంతకును మూలమైన లెక్కను చెప్పెదను. సిద్ధబీజములు నశించు వేగము ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు 10 రెట్లగును. పాలు ఎరుపెక్కు వేగము అదే 10 డిగ్రీలకు సుమారు 3 రెట్లే పెరుగును. ఈ రెంటి భేదములోనే యున్నది కీలకము.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక రకపు సిద్ధబీజములను కావలసినంత మేరకు చంపుటకు 120 డిగ్రీల వద్ద 10 నిమిషములు పట్టుననుకొనుడు. 130 డిగ్రీల వద్ద 1 నిమిషము చాలును. 140 వద్ద 6 సెకండ్లు చాలును. ఆ లోగా పాలకు జరుగు ఎరుపు ఎంత? 120 డిగ్రీల వద్ద సెకండునకు 1 పాలు చొప్పున మార్పు జరుగుననుకొన్నచో, 600 సెకండ్లకు 600 పాళ్ళు. 140 వద్ద సెకండునకు 9 పాళ్ళు, 6 సెకండ్లకు 54 పాళ్ళు. క్రిములకు కలుగు హాని రెండుచోట్లను సమానము. పాలకు కలుగు హాని మాత్రము పదకొండవ వంతు. వేడిని పెంచి కాలమును తగ్గించుట వలన పాలు బ్రదికినవి, క్రిములు చచ్చినవి. అధికోష్ణ పద్ధతి యనబడు దానికి ఇదియే పునాది. మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము ఈ పాలను కనీసము 135 డిగ్రీల వద్ద 1 సెకండుగాని, అంతకెక్కువగాని నిలిపి, క్రిమిరహితమైన స్థితిలో, గాలి చొరని పాత్రలలో నింపవలెను. ఇట్టి పాలను అట్టపెట్టెలలో నింపు యంత్రమును 1961లో స్విట్జర్లాండులోని టూన్ పట్టణమున ప్రదర్శించిరి.

చిన్న యంత్రము ఎందుకు?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండ నంతయు కుమ్మరింప నక్కరలేదు, ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దల మాట. ఈ ప్రయోగశాలా యంత్రము చేయు పని అదియే. గంటకు 10,000 లీటర్లు కాచు కర్మాగారములో ఒక క్రొత్త కొలతను పావుగంట పరీక్షించినను 2,500 లీటర్ల పాలు ఖర్చగును. ప్రయోగము ఫలింపనిచో అన్నియు రైతుల శ్రమయే నష్టము. గంటకు 20 లీటర్లు నడుచు చిన్న యంత్రములో అదే పావుగంటకు 5 లీటర్లు చాలును. ఇంగ్లండులో ఆర్మ్‌ఫీల్డ్, అమెరికాలో మైక్రోథెర్మిక్స్ వంటి సంస్థలు ఇట్టి యంత్రములను విశ్వవిద్యాలయములకును, పాల సంస్థలకును నిర్మించి యిచ్చుచున్నవి.

మంచిది, పొయ్యి మీద గిన్నెలో పెట్టి పరీక్షింపరాదా యని అడుగవచ్చును. వీలుకాదు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది గనుక ఇచ్చట నీరు 97 డిగ్రీల దగ్గరనే మరుగును. మూత లేని గిన్నెలో పాలు అంతకుమించి వేడెక్కవు. ప్రెషర్ కుక్కరులో ఆవిరిని బంధించుటచేత సుమారు 120 డిగ్రీలు వచ్చును. కాని అది వేడెక్కుటకును, చల్లారుటకును నిమిషములు పట్టును. మనకు కావలసినది క్షణములలో ఎక్కి క్షణములలో దిగు వేడి. పాలు నిలిచియున్నచో అది సాధ్యము కాదు, సన్నని గొట్టములో పారుచుండవలెను.

యంత్రము యొక్క నడక

యంత్రమును చూచినచో ఒక పెద్ద మేజా మీదగాని, చక్రముల బండి మీదగాని అమర్చిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టముల కూటమివలె కనబడును. మొదట కొన్ని లీటర్లు పట్టు తొట్టి. దాని క్రింద పంపు. ఈ పంపు నిముసమునకు ఇంతయని నిర్ణయించిన పరిమాణమును తప్పక తోయవలెను. పాలు పారు వేగము మారినచో వేడిలో నిలుచు కాలమును మారును. పిదప పాలు 70 నుండి 90 డిగ్రీల వరకు తొలివేడి పొందును. అవసరమైనచో ఇచ్చటనే హోమోజినైజరను భాగము వెన్నబిందువులను మిక్కిలి పీడనముతో సన్నని సందునుండి నెట్టి చిన్నవి చేయును. నెలల తరబడి నిలువవలసిన పాలలో మీగడ పైకి తేలి గట్టిపడకుండుటకు ఇది అవసరము.

తరువాత వచ్చునది అసలు వేడి. ఇందు రెండు మార్గములున్నవి. పరోక్ష మార్గములో పాలు గొట్టము లోపలను, పీడనములో నున్న వేడినీరుగాని ఆవిరిగాని వెలుపలను పారును. ప్రత్యక్ష మార్గములో శుద్ధమైన ఆవిరిని పాలలోనికే చిమ్ముదురు. ఆవిరి చల్లబడి నీరగుచు తన వేడినంతయు పాలకిచ్చును. సెకండు గడువకముందే పాలు 75 నుండి 140 డిగ్రీల కెక్కును. కాని ఆ ఆవిరి నీరై, లీటరు పాలలో నూరు గ్రాములకు పైగా చేరియుండును. కావున ఆ వేడిలో నిర్ణయించిన కాలము నిలిచిన పిదప పాలను శూన్యపు గదిలోనికి వదలి, చేరిన నీటిని మరల ఆవిరిగా లాగివేయుదురు. చేరినంత నీరే పోవునట్లు చూచుట ఇందలి నేర్పు. పాలలో నీరు కలుపుటను గురించి మనవారు పరిహాసములాడుదురు గదా! ఇచ్చట కలిపిన నీటిని లెక్కప్రకారము తీసివేయు నిజాయితీ యంత్రమునకే అప్పగింపబడినది.

వేడెక్కిన పాలు నిలుపు గొట్టములో ప్రవేశించును. అందులో వేడి చేయుట లేదు, చల్లార్చుట లేదు. నిర్ణయించిన సెకండ్ల పాటు ప్రయాణము మాత్రమే. అటు పిమ్మట చల్లార్చు గొట్టములు, కొననున్న ఎదురు పీడన కవాటము. 140 డిగ్రీల వద్ద పాలు మరుగకుండవలెనన్న లోపలి పీడనము వాయుమండల పీడనమునకు మూడున్నర రెట్లకు మించియుండవలెను. ఈ కవాటము దారిని బిగించి ఆ పీడనమును నిలుపును. అది సడలినచో పాలు గొట్టములోనే ఆవిరై ఉబ్బి, అనుకొన్నదానికంటె వేగముగా పరుగెత్తును. అప్పుడు గడియారమును నమ్మరాదు. చివరకు, వడగట్టిన గాలి వీచుచుండు శుభ్రమైన పెట్టెలో పాలను క్రిమిరహితమైన సీసాలలో నింపుదురు. పాలు పోయకముందు యంత్రమంతటను పీడనములో నున్న వేడినీటిని సుమారు అరగంట త్రిప్పి శుద్ధిచేయుదురు. పని ముగిసిన పిదప కాస్టిక్ సోడా ద్రావణముతోను, నత్రికామ్ల ద్రావణముతోను కడుగుదురు.

లెక్కకును పాలకును భేదము

చిన్న యంత్రము చెప్పునదంతయు వేదవాక్యమని తలపరాదు. అందులోని చిక్కులను తెలిసినవాడే దానిని నమ్మదగినంత మేరకు నమ్మగలడు.

మొదటి చిక్కు నిలుపు గొట్టములో నున్నది. గంటకు 20 లీటర్ల చొప్పున పారు పాలను 15 సెకండ్లు నిలుపవలెనన్న గొట్టములో సుమారు 83 మిల్లీలీటర్లు పట్టవలెను. ఇది సగటు లెక్క. కాని సన్నని గొట్టములో నెమ్మదిగా పారు ద్రవము అంతయు ఒకే వేగముతో పోదు. ఏటి నడుమ నీరు వడిగాను, గట్టునంటిన నీరు మెల్లగాను పోవుట మనమెరిగినదే. అట్లే గొట్టము నడుమ నున్న పాలు సగటు వేగమునకు రెట్టింపు వేగముతో పోవచ్చును. వానికి దొరకిన కాలము 15 సెకండ్లు కాదు, ఏడున్నర మాత్రమే. రోగక్రిమికి సగటుతో పనిలేదు, తాను తప్పించుకొన్న చాలును. అందుచేత మిక్కిలి వేగముగా పోవు బిందువునకు గూడ చాలినంత కాలము దొరకునట్లు గొట్టమును ఏర్పరుపవలెను. దీనిని పరీక్షించుటకు నీటి ప్రవాహములో ఉప్పునీటిని ఒక్కమారుగా చొప్పించి, దాని మొదటి జాడ అవతలి కొనకు ఎప్పుడు చేరినదో విద్యుద్వాహకత వలన కనిపెట్టుదురు.

రెండవ చిక్కు ఎక్కుదలలో నున్నది. పరోక్ష మార్గములో పాలు 80 నుండి 135 డిగ్రీలకు చేరుటకు కొన్ని సెకండ్లు మొదలు కొన్ని పదుల సెకండ్లు పట్టవచ్చును. ఆ మధ్యకాలములో క్రిములు అంతగా చావవు గాని పాలు మాత్రము ఉడుకుచుండును. కాబట్టి చిన్న యంత్రములో శిఖరము ఒక్కటే కర్మాగారముతో సరిపోయిన చాలదు. ఎక్కిన మార్గమును, దిగిన మార్గమును సరిపోవలెను. నేటి యంత్రములలో గొట్టము పొడవున ఉష్ణమాపకములు నిలిపి, క్షణక్షణమును నమోదు చేయుట ఇందుకొరకే.

మూడవది మష్టు పట్టుట. 70 డిగ్రీలు దాటగానే పాల విరుగుడు తేటలోని మాంసకృత్తులు రూపము చెడి గొట్టపు గోడకు అంటుకొనును. మిక్కిలి వేడిచోట కాల్షియం లవణములు గట్టిగా పేరుకొనును. గిన్నె అడుగంటిన పాలను తోమినవారికి దీని తత్త్వము చెప్ప నక్కరలేదు. పెద్ద గొట్టములో గంటలకు వచ్చు అడ్డంకి సన్నని గొట్టములో చాల త్వరగా వచ్చును. ఇది విసుగైనను, ఏ పాలు త్వరగా అంటునో తెలుపు పరీక్షగా గూడ పనికివచ్చును.

కాగినదని ఎట్లు తెలియును?

పాశ్చరీకరణము సరిగా జరిగినదని తెలుపుటకు ఒక చక్కని పరీక్ష కలదు. పచ్చిపాలలో ఫాస్ఫటేజు అను ఎంజైము సహజముగా నుండును. క్షయక్రిమి చచ్చుటకు కావలసిన వేడికంటె కొంచెము ఎక్కువ వేడికి అది నశించును. అది లేకున్నచో క్షయక్రిమియు లేదని ధైర్యముగా చెప్పవచ్చును. ఇంగ్లండులో కే, గ్రాహమ్ అను శాస్త్రజ్ఞులు 1930 దశకములో ఈ పరీక్షను రూపొందించిరి. పాలు చాలినంత కాగకున్నను, కాగిన పాలలో పచ్చిపాలు కలిసినను ఇది పట్టియిచ్చును.

అధికోష్ణ పాలకు ఇంతకంటె కఠినమైన పరీక్షలు కావలెను. వేడికి మొండిగా నిలుచు సిద్ధబీజములను లెక్కించి పాలలో కలిపి, యంత్రమునుండి వెలువడినప్పుడు ఎన్ని మిగిలెనో చూతురు. ఇట్టి పని కర్మాగారములో చేయదగదు, ప్రయోగశాలలోనే చేయవలెను. సీసాలను 30 డిగ్రీల వద్ద 15 దినములు, 55 డిగ్రీల వద్ద 7 దినములు ఉంచి చెడునేమో చూచుట మరియొకటి. మితిమీరి కాచినారా యని తెలుపుటకు లాక్టులోజు అను పదార్థము పనికివచ్చును. పచ్చిపాలలో అది ఉండదు, వేడివలన పాలచక్కెర నుండి పుట్టును. సీసాలో ఉడికించిన పాలలో అధికముగాను, క్షణకాలము కాగిన పాలలో స్వల్పముగాను ఉండును. కాగుట చాలదని ఒక పరీక్ష, కాగుట మించినదని ఒక పరీక్ష. ఈ రెంటి నడుమనున్న సన్నని దారిని కనిపెట్టుటకే ఈ యంత్రము.

మన పాలకు మన కొలత

ఈ పద్ధతులన్నియు ఐరోపా, అమెరికా దేశములలో ఆవుపాలకు కుదిరినవి. మన దేశములో గేదెపాల పాలు పెద్దది. తెలుగునాట గేదెపాలకున్న గౌరవమును మీకు చెప్పవలెనా? గేదెపాలలో వెన్న ఆవుపాలలోకంటె ఎంతయో అధికము. కేసీనను మాంసకృత్తు, కాల్షియం కూడ అధికమే. కేసీన్ రేణువులును పెద్దవి. ఈ భేదములవలన వేడికి ఓర్చుకొను గుణము మారును, గొట్టములకు అంటుకొను గుణము మారును, నిలువ యుంచినప్పుడు చిక్కబడు తీరును మారును. రెండును కలిసిన పాలు మరియొక తీరు. ఋతువును బట్టి, మేతను బట్టి, ఈనిన తరువాత గడచిన దినములను బట్టి పాలు మారుచుండును. పరదేశపు పుస్తకములోని అంకెను తెచ్చి మన పాలకు అతికించినచో అది చాలకపోవచ్చును, మించిపోవచ్చును.

ఇట్టి విషయములో మన దేశచరిత్రలో ఒక గొప్ప దృష్టాంతము కలదు. గేదెపాలను పొడి చేయుట అసాధ్యమని పాశ్చాత్య నిపుణులు చెప్పుచుండిన కాలములో, ఆణందులోని ఖేడా జిల్లా సహకార సంఘమున పనిచేయుచున్న హరిచంద్ మేఘా దలాయా అను యువ ఇంజనీరు ముందుగా చిన్న ప్రమాణమున దానిని సాధించి చూపెను. పిదప నిర్మించిన కర్మాగారమును 1955 అక్టోబరు 31న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. నిపుణుల వాదమును వాదముతో గెలుచుట కష్టము. చిన్న పరీక్ష ఒకటి ఆ పనిని సులభముగా చేసినది. ప్రయోగశాలలోని చిన్న యంత్రమునకున్న శక్తి ఇట్టిది.

వేడి చేయలేనిది

ఇంత చెప్పిన పిదప వేడికున్న హద్దును చెప్పకున్నచో నా ప్రసంగము అసమగ్రమగును. చెడిన పాలను ఏ వేడియు మంచిపాలుగా చేయజాలదు. పాలను పిదికిన తరువాత చల్లని తొట్టిలోనే చిరకాలము నిలిపినచో చలిలో గూడ పెరుగు సూక్ష్మజీవులు కొన్ని వృద్ధిపొందును. 140 డిగ్రీలు వానిని క్షణములో చంపును. కాని అవి అప్పటికే విడిచిన ఎంజైములలో కొన్ని ఆ వేడికిని నశింపవు. మూసిన పెట్టెలో అవి నెమ్మదిగా మాంసకృత్తులను కొరుకుచు, కొన్ని వారములకో నెలలకో పాలను చేదుగానో చిక్కగానో చేయును. దొంగ చచ్చినను దొంగ పెట్టిన నిప్పు ఆరలేదన్నమాట. అందుచేత పాడిరైతు పొదుగును కడుగుట, క్యానును ఎండలో ఆరబెట్టుట, పాలను ఆలస్యము లేక కేంద్రమునకు చేర్చుట, ఇవియన్నియు ఆ యంత్రములోని మొదటి భాగములే యని నేను తలచుచున్నాను. ఆ భాగములు మన ఇండ్లలో నున్నవి.

కొనువారు గూడ గుర్తుంచుకొనవలసినవి రెండు. సంచి మీద పాశ్చరీకృతమని యున్నచో అది చల్లగా నుండవలసిన పాలు. అంగడిలో చల్లదనము తప్పినదేమో యని సందేహమున్నచో కాచి త్రాగుట మేలు. పెట్టె మీద అధికోష్ణ పద్ధతి యని యున్నచో, మూత విప్పువరకు బయట నుండవచ్చును. విప్పిన పిమ్మట అదియు మామూలు పాలే, చల్లగా నుంచి త్వరగా వాడుకొనవలెను. ఉబ్బిన పెట్టెను ముట్టరాదు.

మనము చేయదగినది

మనమున్న ఈ బెంగుళూరు పాలశాస్త్రమునకు పాత నెలవు. 1923లో ఇచ్చట పశుపోషణ, పాల పరిశ్రమల సంస్థ ఏర్పడినది. 1927లో మహాత్మా గాంధి ఈ నగరమున విశ్రాంతి గైకొనుచున్న దినములలో ఆ సంస్థకు వెళ్ళి పశుపోషణ విషయములను శ్రద్ధతో తెలిసికొనిరి. 1955లో జాతీయ పాల పరిశోధన సంస్థ యొక్క కేంద్రస్థానము కర్నాలునకు మారినను, దాని దక్షిణ ప్రాంతీయ శాఖ బెంగుళూరులో నిలిచినది. మైసూరులో 1950లో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థయు మనకు దూరము కాదు. మన పిల్లలలో ఇంజనీరింగు, వైద్యము తప్ప వేరు చదువు లేదని తలచు తల్లిదండ్రులకు నేను విన్నవించునది, పాలశాస్త్రము, ఆహారశాస్త్రము అను చదువులు గలవు. పాడి ఎరిగిన ఇంటి బిడ్డకు అవి పరాయివి కావు.

మరియొక మాట. మన ఇండ్లలో తెలుగు వంటింటికిని, పండుగలకును పరిమితమగుచున్నదని ఈ సభలో పలుమారు విచారపడితిమి. బిడ్డ కన్నడములోనో తమిళములోనో ఆంగ్లములోనో నేర్చిన శాస్త్రమును ఇంటికి వచ్చి అవ్వకు తెలుగున చెప్పగలిగిననాడు ఆ విచారము కొంత తీరును. మీగడ, విరుగుడు, అడుగంటు, పొంగు, దాలి - ఈ యంత్రమును వివరించుటకు కావలసిన మాటలలో సగము మన అవ్వల నోటనే యున్నవి. మిగిలిన సగము యంత్రముతోబాటు వచ్చినవి. వానిని గూడ మనము వాడుకొనవచ్చును, సంకోచము వలదు.

పాలను పొంగింపనివ్వక, పచ్చిగా విడువక, కావలసినంత వేడిని కావలసినంతసేపే ఇచ్చుట వివేకము. ఆ వివేకమునకు అంకెలు వేసి చూపునదే నేను చెప్పిన చిన్న యంత్రము.